మామ్మగారి చేత ప్రార్థన చేయించుకోండి

(ఒంగోలులో యౌవనస్థుల కూడికలో ఇచ్చిన సందేశం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, చాపల మీద చోటుంది. బైబిళ్ళు తీయండి. రెండో సమూయేలు, 17వ అధ్యాయం, చివరి మూడు వచనాలు. తీశారా?

దావీదు అక్కడ ఏ స్థితిలో ఉన్నాడు? కన్న కొడుకు అబ్షాలోము తిరగబడ్డాడు. రాజు యెరూషలేము వదిలేసి, చెప్పులు లేకుండా, తల కప్పుకొని, ఏడుస్తూ ఒలీవ కొండ ఎక్కాడు. అది 15వ అధ్యాయంలో ఉంది. ఇప్పుడు యొర్దాను దాటి మహనయీము చేరాడు. వెంట ఉన్న జనానికి ఆకలి, అలసట, దాహం. అప్పుడు ముగ్గురు మనుషులు వచ్చారు. వాళ్ళలో ఒకాయన పేరు బర్జిల్లయి. గిలాదు దేశం, రోగెలీము ఊరు. వయసెంత? 19వ అధ్యాయం 32వ వచనం చూడండి. ఎనభై ఏళ్ళు.

మిగతా ఇద్దరితో కలిసి ఈ ఎనభై ఏళ్ళ ముసలాయన ఏం తెచ్చాడు? చదవండి, గట్టిగా చదవండి. పరుపులు. పాత్రలు. కుండలు. గోధుమలు, యవలు, పిండి, వేయించిన గింజలు, చిక్కుళ్ళు, కాయధాన్యాలు, తేనె, వెన్న, గొర్రెలు, జున్ను. ఇంత పెద్ద పట్టీ ఎందుకు రాసి పెట్టారంటారు? పెద్దవాళ్ళ ప్రేమ ఇలాగే ఉంటుంది కాబట్టి. బర్జిల్లయి దావీదుకు ప్రసంగం చేయలేదు. నీ కొడుకును నువ్వు సరిగ్గా పెంచలేదు అనలేదు. ముందు ఏం గుర్తొచ్చింది ఆయనకు? వీళ్ళు ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు? పట్టీలో మొట్టమొదటి మాట పరుపులు. గమనించండి, మొట్టమొదట పరుపులు.

యుద్ధం అయిపోయాక రాజు అడిగాడు, నాతో యెరూషలేము రా, నిన్ను నేను పోషిస్తాను అని. ఆయన ఏమన్నాడు? నాకిప్పుడు తిన్నదాని రుచి తెలుస్తుందా? పాడేవాళ్ళ గొంతు వినబడుతుందా? నీకు నేనెందుకు భారం కావాలి? నా ఊళ్ళో, నా తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోనివ్వు అన్నాడు. తనకు బదులు కింహాము అనే అతన్ని పంపాడు. తన నాలుక, తన చెవులు, తన చావు, మూడింటి గురించీ రాజు ముందు నిజం చెప్పుకున్నాడు. భయం లేదు, సిగ్గు లేదు. రాజు ఆయన్ని ముద్దు పెట్టుకొని దీవించాడు, ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనం పెద్దవాళ్ళ దగ్గరికి ఎలా వెళ్తున్నాం? డిసెంబరులో దుప్పటి పట్టుకొని వెళ్తాం. ఒక కేకు ముక్క, ఒక ఫొటో, రెండు నిమిషాల ప్రార్థన, బయటికి వచ్చేస్తాం. మనం ఇచ్చేవాళ్ళం, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళు. బర్జిల్లయి దగ్గర చూడండి, లెక్క తిరగబడి ఉంది. పుచ్చుకున్నవాడు రాజు. ఇచ్చినవాడు ఎనభై ఏళ్ళ ముసలాయన. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు కూడా అలాగే వెళ్ళాలి. ఇవ్వడానికి కాదు, పుచ్చుకోడానికి. పెద్దావిడ పక్కన కూర్చొని, మామ్మా, నా కోసం ప్రార్థన చేయండి అని అడగడానికి. ఈ పూట నేను చెప్పేదంతా ఇదే. మిగతాదంతా అది ఎలా చేయాలన్నదే.

ఎందుకు వాళ్ళ దగ్గరికే? పాస్టరుగారు ప్రార్థన చేయరా? చేస్తారు. కానీ పాస్టరుగారికి రెండు వందల కుటుంబాలు. మంచం మీద ఉన్న మామ్మగారికి పొద్దంతా, రాత్రంతా సమయం. ఆమె ఉదయం నాలుగింటికి లేస్తుంది. ముసలివాళ్ళకు నిద్ర తక్కువ. మనకు అది జబ్బులాగా కనిపిస్తుంది, ఆమెకు అది ప్రార్థన వేళ. లూకా రెండో అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి గుర్తుందా? పెళ్ళయ్యాక ఏడేళ్ళు పెనిమిటితో ఉంది, తర్వాత విధవరాలు, ఎనభై నాలుగు అని రాసి ఉంది. దేవాలయం విడవకుండా రేయింబవళ్ళు ఉపవాస ప్రార్థనల్లో ఉంది. శిశువైన యేసును గుర్తుపట్టినవాళ్ళెవరు? ప్రధాన యాజకుడా? శాస్త్రులా? కాదు. ఒక ముసలాయన సుమెయోను, ఒక ముసలమ్మ అన్న.

ఇంకొకటి. మీరు కూర్చున్న ఈ ఊరి సంగతి మీకు తెలుసా? ప్రార్థన కొండ అంటాం, ఎక్కి ఫొటోలు దిగుతాం. అక్కడ జరిగిందేమిటి? 1854 జనవరి 1, తెల్లవారుజామున ఐదుగురు మనుషులు ఆ కొండ ఎక్కి ప్రార్థన చేశారు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. అప్పటికి అమెరికాలో ఉన్న మిషను పెద్దలు ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని మాట్లాడుకుంటున్నారు. ఫలితం లేదు, ఖర్చు దండగ అని. ఆ స్థితిలో ఐదుగురు ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. జవాబు ఎప్పుడొచ్చింది? మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్ళు! తర్వాత 1876 నుంచి 78 దాకా మహా కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని ఒప్పుకొని జనానికి కూలి చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం చేరారనే మాట రాకూడదని. కరువు పనులు అయిపోయాక జనం వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. 1878 జూలై 3న ఒక్క రోజులో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీద ప్రార్థన నుంచి లెక్కేయండి. ఇరవై నాలుగేళ్ళు.

మీ జేజమ్మల విశ్వాసం ఆ నేల మీద మొలిచింది. అందుకే వాళ్ళకు తొందర లేదు. మనం ఒక ఉద్యోగ నోటిఫికేషను కోసం మూడు నెలలు ప్రార్థన చేస్తాం, రాకపోతే దేవుడు వినట్లేదంటాం. ఆమె తాగుబోతు కొడుకు కోసం ముప్ఫై ఏళ్ళు అదే ప్రార్థన చేస్తుంది. ముప్ఫై ఏళ్ళు, అదే మాట. విసుగు లేదు. ఆమె పక్కన కూర్చుంటే మనకు వచ్చే బలం అది.

సామాన్యమైన విశ్వాసం అంటే ఏమీ తెలియని విశ్వాసం అనుకోకండి. దగ్గరగా చూడండి, అందులో చాలా ఉంది. ఒకటి పేర్లు. ఆమె ప్రార్థన వినండి. పెద్ద కొడుకు, కోడలు, వాళ్ళ పిల్లలు వరసగా, రెండో కొడుకు, కూతురు, అల్లుడు, పక్కింటివాళ్ళు, పాలు పోసే అబ్బాయి, పాస్టరుగారు, పాస్టరమ్మగారు, వర్షం, దేశాన్ని ఏలేవాళ్ళు. ఒక్క పేరు తప్పదు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అది చాదస్తం కాదు, ఎవరూ జారిపోకూడదని.

రెండోది కృతజ్ఞత. గంజి అయినా సరే, కళ్ళు మూసుకొని స్తోత్రం చెప్పందే నోట్లో పెట్టదు. మూడోది కానుక. ఇది మీరు స్వయంగా చూడండి. మన రాష్ట్రంలో ఒకటో తారీఖున పింఛను ఇంటికే తెచ్చిస్తారు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. ఆ పైకం చేతికి రాగానే చాలామంది పెద్దవాళ్ళు ఏం చేస్తారు? నాలుగు వందలు విడిగా తీస్తారు. బైబిలు జిప్పు కవరు లోపలి అరలో పెడతారు, లేదా చేతిరుమాల్లో ముడేసి తలగడ కింద పెడతారు. మందులకు తక్కువైనా దాన్ని ముట్టరు. వెనకటి రోజుల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు దేవుడికని వేరే కుండలో వేసేవాళ్ళు, ఇదీ అదే అలవాటు. మీరు జీతం వచ్చిన రోజు ఏం చేస్తున్నారో ఆ రోజు ఆలోచించుకోండి. నేను చెప్పను, ఆ ముడి చెబుతుంది.

ఇంకొక మాట వాళ్ళ నోట ఎప్పుడూ వింటాం. ప్రభువు చూసుకుంటాడులే అంటారు. ఇది రెండు రకాలు, జాగ్రత్తగా వినండి. మనం అన్నప్పుడు చాలాసార్లు చేయాల్సిన పని వదిలేయడానికి అంటాం. ఆమె అన్నప్పుడు? ఆ మాట అని లేచి బియ్యం ఏరుతుంది. మనవరాలికి జడ వేస్తుంది. పాలకేంద్రానికి గిన్నె పంపిస్తుంది. చేతిలో ఉన్న పని చేస్తుంది, చేతిలో లేనిది ఆయనకు వదిలేస్తుంది. మీకు గుండె దడగా ఉన్న రోజున ఆమె పక్కన అరగంట కూర్చొని ఆ చేతులను చూడండి. అంతే చాలు.

సరే, ఎలా వెళ్ళాలి? రాసుకునేవాళ్ళు రాసుకోండి.

ఒక్కరు లేదా ఇద్దరు. ఇద్దరికి మించి వద్దు. పదిమంది వెళ్తే ఆ చిన్న గదిలో గాలి ఆడదు, ఎవరి మాటా ఆమెకు అందదు, కోడలికి పదిమందికి టీ పెట్టే పని పడుతుంది. చెల్లెళ్ళు మామ్మల దగ్గరికి, తమ్ముళ్ళు తాతయ్యల దగ్గరికి వెళ్తే ఇబ్బంది ఉండదు. వేళ? ఉదయం పది నుంచి పదకొండున్నర, లేదా సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. మధ్యాహ్నం భోజనం, మందులు, నిద్ర. ఆ వేళ వెళ్తే ఆమె మొహమాటానికి లేచి కూర్చుంటుంది, రాత్రికి తలనొప్పి. ముందు రోజు ఇంట్లోవాళ్ళకు ఫోను చేయండి. నలభై నిమిషాలు చాలు. గంట దాటితే ఆమె అలిసిపోతుంది, పైకి చెప్పదు.

ఎక్కడ కూర్చోవాలి? ఆమె మంచం మీద ఉంటే మీరు కుర్చీ లేదా స్టూలు మీద, ఆమె ముఖానికి ఎదురుగా, మూడడుగుల దూరంలో. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి. వెలుగు మీ వెనక ఉంటే మీ ముఖం ఆమెకు నల్లగా కనిపిస్తుంది. ముసలివాళ్ళు సగం చెవులతో, సగం మన పెదవులు చూసి వింటారు. ఏ చెవి బాగా వినిపిస్తుందో అడగండి. ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే ఒక మెట్టు తగ్గించండి. టీవీ ఆపమని ఇంట్లోవాళ్ళను మర్యాదగా అడగండి. అరవకండి! వయసుతో ముందు పోయేది సన్నని, హెచ్చు స్వరాలు వినే శక్తి. అరిస్తే మన గొంతు ఇంకా సన్నగా చీలుతుంది, ఆమెకు చప్పుడు వినబడుతుంది, మాట అర్థం కాదు. గొంతు కాస్త బొంగురుగా, కిందికి దించి, నిదానంగా, ఒక్కో మాటా విడిగా పలకండి. చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, మీ గొంతులు సన్నవి.

వెళ్ళగానే వాక్యం తీయకండి. ముందు పది నిమిషాలు ఆమె మాటలు. ఒంట్లో ఎలా ఉంది, కాళ్ళ నొప్పులు, మనవళ్ళు. తర్వాత ఒక పాట. పాత పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసుకెళ్ళండి. ఫోనులో వద్దా? ఫోనులో కూడా చూడొచ్చు, కానీ పుస్తకం చూస్తే ఆమె ముఖం మారుతుంది. చాలామంది పెద్దవాళ్ళు కీర్తన నంబరు చెబుతారు, పల్లవి కాదు, నంబరు. పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి, అవి వాళ్ళు బడిలోనో గుడిలోనో నేర్చుకున్నవి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరిగారు రాసిన కీర్తనలు వాళ్ళ నోట పుస్తకం లేకుండా వస్తాయి, నాలుగు చరణాలూ. మనకు ఒక చరణం దాటితే స్క్రీను కావాలి. పాడేటప్పుడు మీరు కూడికలో పాడే శ్రుతి కంటే రెండు మూడు స్వరాలు దించండి, ముసలితనంలో గొంతు పైకి వెళ్ళదు. గిటారు, కీబోర్డు వద్దు. చప్పట్లు నెమ్మదిగా. ఆమె పల్లవి దగ్గర సాగదీస్తే మీరూ సాగదీయండి, తాళం సరిచేయకండి.

తర్వాత వాక్యం. పది పన్నెండు వచనాలు, అంతకంటే వద్దు. ఏది చదవమంటారు మామ్మా అని ఆమెనే అడగండి. ఇరవై మూడో కీర్తన అంటుంది, నూట ఇరవై ఒకటి అంటుంది, యోహాను పద్నాలుగు అంటుంది. పోయిన వారమూ అదే చదివాం కదా అనకండి. అదే చదవండి. ఆమెకు కంఠతా వచ్చిన వచనం దగ్గర మీరు సగంలో ఆగండి, మిగతా సగం ఆమె పూర్తి చేస్తుంది. మీ చదువు, మీ డిగ్రీ ఇక్కడ పనికిరావు, ఆమె చెబుతుంది, మీరు వింటారు. వివరణ చెప్పకండి. ఈ వాక్యం మీకు ఎప్పుడు ఆదరణ ఇచ్చింది మామ్మా అని ఒక్క ప్రశ్న అడగండి. ఒక్కటే. అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి రెండు నిమిషాలు పట్టొచ్చు. ఆ రెండు నిమిషాలు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, ఓర్చుకోండి.

ఇప్పుడు అసలు పని. మీ భారం చెప్పండి. అన్నీ వద్దు, ఒక్కటి చెప్పండి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో. బ్యాక్‌లాగు, ప్లేస్‌మెంటు అంటే తెలియదు. పరీక్ష తప్పాను మామ్మా, ఇంట్లో చెప్పలేదు, భయంగా ఉంది. ఇలా చెప్పండి. తిడుతుందేమో అంటారా? తిట్టవచ్చు. ముందు తిట్టి తర్వాత ప్రార్థన చేస్తుంది. ఇల్లంతా చెబుతుందేమో? అలాంటివాళ్ళూ ఉంటారు, అందుకే ఎవరితో స్నేహం చేస్తున్నారో రెండు మూడుసార్లు కూర్చొని చూసి తెలుసుకోండి. ఆ తర్వాత తల వంచండి. ఆమె చెయ్యి మీ తల మీద పెడుతుంది. ప్రార్థన ముందు ఆమె చేయాలి, మీరు కాదు. మీరు ముందు చేస్తే ఏమవుతుంది? మీ పెద్ద మాటలు విని ఆమె నేనేం చేస్తాలే బాబూ అని ఊరుకుంటుంది. ఇది చాలాచోట్ల జరుగుతున్న నష్టం. మన ధారాళమైన ప్రార్థనలు పెద్దవాళ్ళ నోళ్ళు మూయిస్తున్నాయి.

మళ్ళీ వారం వెళ్ళినప్పుడు ఏమైందో చెప్పండి. ఇది మర్చిపోకండి. ఆమె ఏడు రోజులూ మీ పేరు ఎత్తింది. మీరు చెప్పకపోతే ఎనిమిదో రోజూ ఎత్తుతుంది, కానీ ఆమెకూ ఆదరణ కావాలి కదా.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది ఫొటో. నెరిసిన జుట్టు, చిరిగిన దుప్పటి, మంచం కింద గిన్నె, అవన్నీ స్టేటస్‌లో పెడితే ఆ ఇంటి పరువు ఏమవుతుంది? ఫొటో వద్దు. రెండోది, గుర్తుపట్టారా నేనెవరో చెప్పండి అని పరీక్ష పెట్టడం. గుర్తురాకపోతే ఆమె సిగ్గుపడుతుంది. వెళ్ళగానే మీ పేరు, మీ నాన్న పేరు మీరే చెప్పండి. మూడోది డబ్బు. కోడలి ముందు ఆమె చేతిలో ఐదు వందలు పెడితే ఆ ఇంట్లో మాట పెరుగుతుంది. ఏదైనా ఇవ్వాలంటే ఇంటికంతటికీ పనికొచ్చేది తీసుకెళ్ళండి, పళ్ళు, బిస్కెట్లు. షుగరు ఉందేమో ముందు అడగండి. నాలుగోది అన్నిటికంటే పెద్దది. వస్తానని చెప్పి రాకపోవడం. ఆమె ఉదయం నుంచే చీర మార్చుకొని గుమ్మం వైపు చూస్తుంది. రాలేకపోతే ఫోను చేయండి. ప్రతి వారం వస్తానని మాట ఇవ్వకండి, నెలకు రెండుసార్లు అని చెప్పి రెండుసార్లు వెళ్ళండి.

ఇప్పుడు ఒక బరువైన మాట. పెద్దవాళ్ళ విశ్వాసం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందా? ఉండదు. ప్రభువు నన్నింకా ఎందుకు ఉంచాడు, ఎప్పుడు తీసుకెళ్తాడు అంటారు. మనం ఏమంటాం? అలా అనకూడదు మామ్మా, మీరు విశ్వాసులు కదా అని నోరు మూయిస్తాం. వద్దు. డెబ్బై ఒకటో కీర్తన తీయండి. వృద్ధాప్యమందు నన్ను విడనాడకుము, నా బలము క్షీణించినప్పుడు నన్ను విడువకుము. ఈ మాట బైబిల్లోనే ఉంది. విడిచిపెడతాడేమోనన్న భయం బైబిల్లోనే ఉంది, ప్రార్థనగా ఉంది. ఆ కీర్తన ఆమెతో కలిసి చదవండి. జవాబు చెప్పకండి, చెయ్యి పట్టుకోండి. తర్వాత ఇంకో రోజు యెషయా 46, నాలుగో వచనం. ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే. తల నెరిసిన వాళ్ళను దేవుడు ఎత్తుకుంటానంటున్నాడు, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు.

అయితే ఒకటి గమనించాలి. రెండు వారాలకు పైగా అన్నం సరిగా తినకపోవడం, నిద్ర పూర్తిగా పోవడం, పాట కూడా వద్దనడం, ఊరికే ఏడవడం ఉంటే అది విశ్వాసం తగ్గడం కాదు, అది జబ్బు కావచ్చు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మాట తడబడి మనిషి తికమక పడితే అసలు ఆగకూడదు, అదే రోజు ఆసుపత్రికి. ముసలివాళ్ళలో మూత్రంలో ఇన్‌ఫెక్షను వచ్చినా, ఒంట్లో ఉప్పు తగ్గినా అలా అవుతుంది. దయ్యం అనుకొని ప్రార్థనలు పెట్టి రోజులు పోగొట్టకండి. ప్రార్థన చేయండి, ఆటోలో చేయండి. ఇంట్లో సరిగా చూడట్లేదు, కొడుతున్నారు, పింఛను లాక్కుంటున్నారు అని తెలిస్తే పెద్దలకు చెప్పండి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత నంబరు ఉంది, ఫోనులో దాచుకోండి.

మందుల సంగతి. స్వస్థపరచేవాడు ప్రభువే కదా అని బీపీ మాత్ర మానేసే పెద్దవాళ్ళు ఉన్నారు. వాదించకండి. వాదిస్తే ఆమె దేవుడి పక్షం, మీరు డాక్టరు పక్షం అయిపోతారు. కొలస్సయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 14 చదవండి, లూకా ప్రియమైన వైద్యుడు. మొదటి తిమోతి 5:23 చదవండి, కడుపు జబ్బుకు తిమోతికి పౌలు ఏం చెప్పాడో. తర్వాత మాత్ర చేతిలో పెట్టి, దీని కోసం స్తోత్రం చెప్పి వేసుకోండి మామ్మా అనండి. స్తోత్రం చెప్పిన దాన్ని ఆమె పారేయదు. అలాగే ఫోను చేసి నూనె సీసా పంపుతాం, ఇంత కానుక కట్టండి అనేవాళ్ళు ఈ అమాయకమైన విశ్వాసం మీదే బతుకుతున్నారు. ఆమె బ్యాంకు కార్డు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పండి.

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మానేయకండి. కొడుకు పేరు మర్చిపోయినా పాట మిగులుతుంది. ఇది డాక్టర్లూ చెప్పే మాట, చిన్నప్పుడు నేర్చుకున్న పాటలు చాలామందిలో చివరిదాకా ఉంటాయి. ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన మొదలుపెట్టండి, పాత అనువాదంలోనే, ఆమె నేర్చుకున్న మాటల్లోనే. కొత్త అనువాదంలో చెబితే ఆమెకు దారి దొరకదు. పెదవులు కదులుతాయి చూడండి.

మంచం పట్టినవాళ్ళకు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, ఇంటికి తెమ్మని పాస్టరుగారికి గుర్తుచేసే బాధ్యత మీరు తీసుకోండి. మన సంఘాల్లో చాలాచోట్ల మొదటి ఆదివారం బల్ల, ఆ సాయంత్రమే వెళ్ళొచ్చు. ఆమెను నిటారుగా కూర్చోబెట్టాలి, వెనక రెండు తలగడలు, గడ్డం కాస్త కిందికి. రొట్టె గోరంత ముక్క, ద్రాక్షారసంలో ముంచి మెత్తబరిచి. మింగాక ఒక చెంచా నీళ్ళు. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే ఇంకా బలవంతం చేయకూడదు, ముక్క పెదవికి తాకించినా చాలు. తర్వాత అరగంట పడుకోబెట్టకండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే పెద్ద ప్రమాదం.

చీటీలో ఎవరో అడిగారు, హైదరాబాదులో, అమెరికాలో ఉండేవాళ్ళు ఏం చేయాలని. వీడియో కాలు చేయండి, కానీ ఆ పక్కన ఇంట్లో ఎవరో ఒకరు ఫోను పట్టుకొని ఉండాలి. ఆమె వేళకు చేయండి, మీ వేళకు కాదు. డాలస్‌లో మీకు రాత్రి పదయితే ఇక్కడ మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర, లేదంటే తొమ్మిదిన్నర, అక్కడి గడియారం మార్చే నెలను బట్టి. అది ఆమెకు మంచి వేళ. ఫోనులో కలిసి పాడలేరు, మాట ఆలస్యంగా చేరుతుంది, రెండు గొంతులు కలవవు. కాబట్టి ఒకరు పాడితే ఒకరు వినాలి. ఆమెను పాడమనండి. ఆ ప్రార్థన రికార్డు చేసుకోవాలనుకుంటే అడిగి చేసుకోండి.

ఆఖరుగా ఒక పని అప్పగిస్తాను. ఆమె ప్రార్థనలో వచ్చే పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, ఆమె చెప్పే వరసలోనే. రెండు మూడు వారాలు వింటే మొత్తం వచ్చేస్తాయి. ముప్ఫై, నలభై పేర్లుంటాయి. ఒకనాడు ఆమె ప్రభువునందు నిద్రిస్తుంది. ఆదరణ కూడికలో అందరం సాక్ష్యాలు చెబుతాం, భోజనాలు చేస్తాం, వెళ్ళిపోతాం. మర్నాడు ఉదయం నాలుగింటికి ఆ పాలు పోసే అబ్బాయి పేరు ఎవరు ఎత్తుతారు? ఆ తాగుబోతు కొడుకు పేరు ఎవరు ఎత్తుతారు? కాబట్టి ఆ పుస్తకం మన కూడికకు తీసుకురండి, తలా ఐదు పేర్లు పంచుకుందాం. బయటికి వెళ్ళేటప్పుడు తలుపు పక్కన బల్ల మీద మన సంఘాల్లో ఇల్లు కదలలేని పెద్దవాళ్ళ పేర్లు, వీధులు ఉన్నాయి. ఒక్కో పేరు ఎదురుగా రెండు గళ్ళు ఖాళీగా పెట్టాం. మీ పేరు రాసి, ఏ రోజు వెళ్తారో కూడా రాయండి. ప్రార్థన చేసుకుందాం.